ఆవిరి యంత్రంతో మొదలుపెట్టకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పెట్టుబడిదారీ వ్యవస్థ ఎలా పుట్టింది, పరిశ్రమలు ముందు యూరప్‌లోనే ఎందుకు లేచాయి అన్నది చిన్న విషయం కాదు. దీని మీద వాదించేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు గానీ ఓపిగ్గా కూర్చుని రాసేవాళ్లు తక్కువ, అందుకే నువ్వు పూనుకున్నందుకు నిజంగా సంతోషం. కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు.

నీ వ్యాసంలో మనుషులు లేరు. భూస్వామ్యం బలహీనపడింది, వర్తకవర్గం ఎదిగింది, పెట్టుబడి పోగుపడింది, ఆవిరి యంత్రం వచ్చింది, ఫ్యాక్టరీలు వెలిశాయి... అన్నీ వాటంతటవే జరిగిపోయినట్టు రాశావు. ఎవరు పోగేశారు? ఆ డబ్బుతో ఏం కట్టారు? కట్టినదాంట్లోకి పొద్దున్నే ఎవరు వెళ్లారు, వెళ్లక తప్పని పరిస్థితి వాళ్లకి ఎలా వచ్చింది? ఇవి అడగకుండా నువ్వు ఎన్ని పేజీలు రాసినా పరీక్ష గైడులాగే ఉంటుంది.

యూరప్ మొత్తాన్ని ఎత్తుకోవద్దు. ఒక్క ఊరు పట్టుకో. నన్నడిగితే క్రామ్‌ఫర్డ్. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అక్కడ నూలు మిల్లు మొదలుపెట్టాడు. ఆయన మంగలి పని చేసినవాడు, విగ్గులు కట్టడానికి జుట్టు కొంటూ ఊళ్లు తిరిగినవాడు. పెట్టుబడి శామ్యూల్ నీడ్, జెడిడయా స్ట్రట్ అనే మేజోళ్ల వ్యాపారులది. అంటే నువ్వు 'పోగుపడింది' అన్న పెట్టుబడి ఇక్కడ ఇళ్లల్లో మగ్గాల మీద అల్లించిన మేజోళ్లలోంచి వచ్చింది. ఇక ఆ మిల్లు ఆవిరితో నడవలేదు, నీళ్లతో నడిచింది. సీసపు గనుల్లోంచి బయటికొచ్చే నీటికాలవ కాస్త గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి చలికాలంలో గడ్డకట్టదు, మిల్లు ఆగదు. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్ పేటెంట్ 1769దే అయినా ఆయన ఇంజన్లు చక్రాలు తిప్పడం మొదలైంది 1780ల్లో. ఫ్యాక్టరీ ముందు, ఆవిరి తర్వాత. నీ రెండో పేరా ఇక్కడే కూలిపోతుంది, దాన్ని తిరగరాయి.

అసలు నూలే ఎందుకు? ఇక్కడ మన తీరం వస్తుంది, బలవంతంగా ఇరికించక్కర్లేకుండానే వస్తుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. ఉతికినా రంగు పోని మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు లండన్‌లో ఎంతగా పాకాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ల గొడవ తట్టుకోలేక పార్లమెంటు 1700లో అద్దకం బట్టల దిగుమతి ఆపింది. అదీ చాలక 1719లో పట్టు నేతగాళ్లు వీధుల్లో ఆ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. 1721లో అద్దకం చేసిన నూలు బట్టని చాలావరకు కట్టుకోవడమే నేరం చేశారు. మరి వాళ్లు సొంతంగా నేసుకుందామంటే వాళ్లు వడికే నూలు పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారానికి, ఆగదు, తెగిపోతుంది. అందుకే లినెన్ (అవిసె నార) పడుగు, నూలు పేక (అడ్డంగా నేసే దారం) వేసి నేసేవాళ్లు. ఆ మిశ్రమం బట్టకి 1736లో మినహాయింపు దొరికింది. హార్‌గ్రీవ్స్ కనిపెట్టిన జెన్నీ అనే నూలు వడికే యంత్రం కూడా పేకకి సరిపోయే నూలే ఇచ్చింది. నీటితో తిరిగే ఆర్క్‌రైట్ వడికే యంత్రం, వాటర్ ఫ్రేమ్, ఇచ్చిన నూలు పడుగుకి నిలబడింది. నిలబడగానే ఆయన పార్లమెంటుకి వెళ్లి, 1774లో ఇంగ్లండులో తయారైన అచ్చమైన నూలు బట్ట మీద నిషేధం తీయించుకున్నాడు. స్వేచ్ఛా వాణిజ్యం వల్ల పరిశ్రమ పుట్టిందని రాశావే, ఈ చట్టాలన్నీ పక్కన పెట్టుకుని ఆ వాక్యం ఇంకోసారి చదువు.

దూది ఎక్కడిదో కూడా రాయాలి. ఆ రోజుల్లో అది టర్కీ వైపు నుంచీ, కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన తోటల నుంచీ వచ్చేది. దీన్ని ఫుట్‌నోట్‌లో పడేయకు.

పనివాళ్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. పొలాల నుంచి తరిమేస్తే అందరూ మిల్లుల్లోకొచ్చి పడ్డారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఉమ్మడి భూములకి కంచెలు వేయడం నిజం, దానివల్ల పేదలు నష్టపోవడం నిజం. కానీ క్రామ్‌ఫర్డ్‌లో మొదట చేరింది ఎక్కువగా సీసపు గని పనివాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు. పెద్ద కుటుంబాలు కావాలని ఆర్క్‌రైట్ పేపర్లో ప్రకటన ఇచ్చాడు, ఇళ్లు కట్టించాడు, పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు రెండు షిఫ్టులు నడిపాడు. రాత్రంతా దీపాలు వెలిగే ఆ మిల్లుని చూడటానికి జనం వచ్చేవాళ్లు.

ఇలాంటి మిల్లుల లోపల ఎలా ఉండేదో తెలియాలంటే 1832లో పార్లమెంటు కమిటీ తీసుకున్న సాక్ష్యాలు చదువు. లీడ్స్‌కి చెందిన ఎలిజబెత్ బెంట్లీ ఆరేళ్లప్పుడు పనిలో చేరింది. పని ఎక్కువగా ఉంటే తెల్లవారుజాము 5 నుంచి రాత్రి 9 దాకా. తిండికి మధ్యాహ్నం 40 నిమిషాలు. దారం చుట్టుకుని నిండిన బాబిన్లు (కండెలు) తీసి ఖాళీవి పెట్టడం ఆమె పని. వెనకబడితే పట్టీతో కొట్టేవాళ్లు. నీ పేజీల సిద్ధాంతం కన్నా ఆ ప్రశ్నలూ జవాబులే పాఠకుణ్ణి కదలనివ్వవు.

ఇంకొకటి. ఢాకా నేతగాళ్ల బొటనవేళ్లు తెల్లవాళ్లు నరికేశారని రాశావు. అందరూ రాస్తారు. అంతకుముందు కంపెనీలోనే పనిచేసిన విలియం బోల్ట్స్ 1772లో రాసింది వేరు: కంపెనీ ఏజెంట్ల బలవంతం భరించలేక బెంగాల్లో పట్టుదారం తీసేవాళ్లు తమ వేళ్లు తామే నరుక్కున్నారని. నాకైతే ఇదే ఎక్కువ భయంకరంగా అనిపిస్తుంది. మన వైపు జరిగిన అన్యాయం మీద కోపం ఉండాల్సిందే, కానీ ఆధారం సరిగ్గా ఉంటేనే ఆ కోపానికి విలువ.

హాలండ్ మీద రాసిన భాగం మాత్రం బాగుంది, తీసేయకు. ఆ భాగాన్నే ప్రశ్నగా మార్చు. 1602లోనే హాలండ్ వాళ్ల డచ్ ఈస్టిండియా కంపెనీ షేర్లు అమ్మింది, ఓడలున్నాయి, తక్కువ వడ్డీకి డబ్బుంది, చదువుకున్న జనం ఉన్నారు. మరి మిల్లులు ముందు అక్కడ ఎందుకు లేవలేదు? చిత్తడి నేలలోంచి తీసే పీట్‌తో (కుళ్లిన మొక్కల మట్టి ఇంధనంతో) పొయ్యిలు నడిపిన దేశానికీ, కాళ్లకిందే బొగ్గున్న దేశానికీ తేడా ఎంత, అంతా బొగ్గు వల్లేనా? దీనికి నీ సొంత జవాబు దొరికేదాకా ముగింపు పేరా రాయొద్దు. దొరికాక మొత్తం వ్యాసం మళ్లీ పంపు, చదువుతాను.