నేల మీద పెట్టిన కూజా ఎవరి కంటా పడదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా బుడితి. తరతరాలుగా ఇత్తడి, కంచు పని. అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తిచేసింది. ఉద్యోగం వద్దు, మన సామాను మేళాల్లో నేనే అమ్ముతానంటోంది. మొన్న విజయనగరంలో నాలుగు రోజులు స్టాలు పెడితే దారి ఖర్చులు కూడా రాలేదు. నచ్చజెప్పి బ్యాంకు కోచింగులో చేర్చమంటారా? స్టాలు ఫొటో పంపుతున్నాను.

జవాబు: మూడు మేళాలు ఆగండి. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల దాకా, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసరు) పరీక్షకు 30 దాకా వయసు ఉంటుంది. ఇప్పుడే ముంచుకొచ్చిన తొందరేమీ లేదు.

ఫొటో చూశాను. తప్పు సామానుది కాదు. దుప్పటి పరిచి కూజాలు, చెంబులు, దీపపు కుందులు అన్నీ నేల మీదే పేర్చారు. నెత్తిన తెల్లటి ట్యూబులైటు. అమ్మాయి వెనక కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. మేళాలో నడిచే మనిషి ఎదురుగా చూస్తాడు. వంగి చూసేవాడు కొనాలనే వచ్చినవాడు, అలాంటివాళ్లు పదిమందిలో ఒకరు ఉంటే గొప్ప.

బల్ల వేయించండి. దాని మీద పీటలు మెట్లుగా అమర్చి, పెద్ద కూజాను కంటి ఎత్తుకు తీసుకురండి. బరువుకు వంగే పలుచటి చెక్క వాడవద్దు. చిన్న గంటలు, కుందులు ముందు వరసలో, చేతికి అందేలా ఉండాలి. మేళావాళ్లు వెనక మెరిసే తెల్ల గుడ్డ కట్టి ఇస్తే, దాని మీద మీ ముదురు ఎరుపు నూలు గుడ్డ ఒకటి వేలాడదీయండి. ఇత్తడి అప్పుడు లేచి కనబడుతుంది. తెల్ల వెలుతురులో అది పాలిపోతుంది కాబట్టి పక్కల నుంచి పడేలా రెండు పసుపు బల్బులు పెట్టండి.

ముందురోజు రాత్రి చింతపండుతో తోమి, తడి లేకుండా తుడవాలి. అయినా జనం పట్టుకుంటే వేళ్ల గుర్తులు పడతాయి. అందుకే మెత్తటి గుడ్డ ఒకటి అమ్మాయి చేతిలోనే ఉండాలి. నిలబడి ఒక చెంబును తుడుస్తూ ఉంటే చాలు, పిలిచినదానికన్నా ఎక్కువమంది ఆగుతారు. ఫోను సంచిలో ఉంటుంది. ఒక కంచు గిన్నెను మడత గుడ్డ మీద ఉంచి పక్కన చిన్న చెక్కపుల్ల పెట్టండి. పిల్లలు కొడతారు, కొట్టనివ్వండి. ఆ మోత నాలుగు స్టాళ్ల అవతలికి వినబడుతుంది. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి అని ఒక్క ముక్కలో చెప్పగలగాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే.

ధర చీటీ దారంతో ప్రతి వస్తువుకూ కట్టండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు మీకు తెలియకుండానే పోతారు. బజారు ఇత్తడి కిలో ధరతో బేరమాడేవారికోసం, మెరుగు పెట్టని సగం పని వస్తువును పూర్తయినదాని పక్కన ఉంచండి. మధ్యలో ఎంత చేతిపని ఉందో అదే చెబుతుంది. బుడితి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉందన్న బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి.

పైడితల్లి సిరిమానోత్సవం జనాన్ని చూసి పెద్ద సామాను మోసుకుపోకండి. అమ్మవారి కోసం వచ్చినవాళ్లు చిన్న గంట, కుంది కొంటారేమోగానీ కూజా మోసుకుని తిరగరు. చేనేత, హస్తకళల మేళాలు నయం. పొందూరు ఖద్దరు పక్కన చోటు దొరికితే అడిగి తీసుకోండి, అక్కడికి వచ్చేవారు చేతిపని చూడటానికి తీరిక చేసుకుని వస్తారు. కేంద్ర హస్తకళల విభాగం చేతిపనివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, అంటే పహచాన్ కార్డు, మీకు లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టండి. ఇంట్లో ఎవరైనా డ్వాక్రా సంఘంలో ఉంటే అలాంటి సంఘాల సామాను అమ్మే సరస్ మేళాల గురించి మండల కార్యాలయంలో అడగండి.

స్టాలు కొలత ముందే కనుక్కుని, వాకిట్లో సుద్దముక్కతో అంతే గీసి ఒకసారి సర్ది చూడండి. పది అడుగులు వెనక్కి వెళ్లి ఫొటో తీస్తే లోపం మీకే కనబడుతుంది.

ఇక బీకాం చదివిన పిల్ల కదా, లెక్క ఆమెనే రాయమనండి. అద్దె, రవాణా, అమ్మినవి, ధర అడిగి వదిలేసినవి, అన్నీ. మూడు మేళాల కాగితాలు పట్టుకుని ఇద్దరూ కలిసి రండి. కోచింగు మాట అప్పుడు మాట్లాడదాం.