వీడియో డిలీట్ చేయకండి, మీ కేసుకు ప్రాణం అదే

ప్రశ్న: మాది ఆర్మూరు దగ్గర పల్లె, వెల్డింగ్ షాపు నడుపుతాను. ఎండిన పసుపులో కొమ్ములు, మండలు వేరుచేసే యంత్రం మూడేళ్లు తంటాలు పడి తయారుచేశాను. 2022 ఫిబ్రవరిలో యూట్యూబ్‌లో వీడియో పెట్టాను, రైతు మేళాలో చూపించాను, పదకొండు యంత్రాలు అమ్మాను. 2023లో ఒక కంపెనీ మనిషి వచ్చి ఆర్డరు ఇస్తామని నమ్మించి కొలతలు, ఫోటోలు తీసుకెళ్లాడు. ఇప్పుడు అదే యంత్రం వాళ్లు అమ్ముతున్నారు. పైగా పేటెంట్ మాది, నువ్వు తయారీ ఆపెయ్ అని నాకే లాయర్ నోటీసు పంపారు. వీడియో తీసేసి, చిన్న మార్పు చేసి నా పేరు మీద పేటెంట్ వేద్దామని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. దొంగతనం కేసు పెట్టవచ్చా? నా పేటెంట్ నాకు వస్తుందా?

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీల్లో ఆ మనిషికి ఇంట్లో భోజనం పెట్టిన సంగతి కూడా రాశారు గానీ, కంపెనీ వేసిన పేటెంట్ దరఖాస్తు నంబరు రాయలేదు, తేదీ రాయలేదు. మీ కేసును తేల్చేది ఆ తేదీ ఒక్కటే. వాళ్ల దరఖాస్తు తేదీ కన్నా మీ వీడియో, మీ అమ్మకాలు ముందువా, కాదా? మిగతాదంతా దీని తర్వాతే.

ముందు చేదు మాట. ఆ యంత్రానికి మీకిక పేటెంట్ రాదు. పేటెంట్ అంటే ప్రభుత్వం మీతో చేసుకునే బేరం. లోకానికి తెలియని కొత్త విషయాన్ని మీరు దాచకుండా రాసిస్తే, బదులుగా 20 ఏళ్లు దాని మీద హక్కు మీకిస్తుంది. మీరు 2022లోనే ఆ విషయాన్ని ఊరందరికీ ఉచితంగా ఇచ్చేశారు, ఇక ప్రభుత్వం మీ దగ్గర కొనడానికి ఏముంది? ఏడాది లోపు వేసుకోవచ్చని ఎక్కడో చదివానన్నారు, అది అమెరికా చట్టం. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 31లో 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనల్లాంటి కొన్నిటికే. మీ రైతు మేళా గానీ, యూట్యూబ్ గానీ అందులోకి రావు. పైగా ఏడాది ఎప్పుడో దాటిపోయింది.

దొంగతనం కేసూ నిలవదు. అందరూ చూసే వీడియోలో పెట్టిన దాన్ని రహస్యం అనలేరు. ఆ మనిషి కొలతలు తీసుకుంటున్నప్పుడు ఒక్క కాగితం మీద సంతకం పెట్టించుకోలేదు. పదకొండు యంత్రాలు అమ్మి మూడింటికే బిల్లు రాశారు. మూడేళ్ల కష్టానికి మూడు బిల్లులా? పసుపు రైతు కూడా మార్కెట్ యార్డులో తక్‌పట్టీ లేకుండా బయటికి రాడు కదా.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. మీ పేటెంట్‌ను చంపిన ఆ వీడియోనే వాళ్ల పేటెంట్‌నూ చంపగలదు. వాళ్ల తేదీ కన్నా ముందే యంత్రం బయటికి తెలిసి ఉంటే, అది వాళ్లకూ కొత్తది కాదు. పసుపు విషయంలోనే మన దేశం ఈ పని చేసి చూపించింది. పసుపు గాయాలు మాన్పుతుందంటూ మిసిసిపీ విశ్వవిద్యాలయం వాళ్లు 1995లో అమెరికా పేటెంట్ తీసుకుంటే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. మా అమ్మమ్మ కాలం నుంచీ వాడుతున్నామని చెప్పి గెలవలేదు, పాత గ్రంథాలు, 1953లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం తెచ్చి ముందు పెట్టి గెలిచింది.

అందుకే కన్సల్టెంట్ చెప్పిన పని మాత్రం చేయకండి. వీడియో తీసేస్తే మీకున్న బలమైన ఆధారాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టు. మళ్లీ అప్‌లోడ్ చేస్తే ఈరోజు తేదీ పడుతుంది, 2022 తిరిగి రాదు. వీడియో దాచి వేసిన పేటెంట్ ఒకవేళ వచ్చినా, తప్పుడు సమాచారంతో తెచ్చుకున్నదని సెక్షన్ 64 కింద రద్దవుతుంది, కంపెనీ దగ్గర ఆ వీడియో కాపీ లేదని మీకెవరు చెప్పారు? అతను ఫీజు తీసుకుని పోతాడు, ఆ దరఖాస్తులో డిక్లరేషన్ కింద సంతకం మాత్రం మీది.

ఈరోజే చేయాల్సింది: నోటీసులో ఉన్న నంబరుతో పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే చోట వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు. దరఖాస్తు తేదీ, దానికన్నా ముందు ప్రొవిజనల్ (పూర్తి వివరాలు తర్వాత ఇస్తామంటూ వేసే తొలి దరఖాస్తు) వేసి ఉంటే ఆ తేదీ, ప్రచురణ తేదీ రాసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పేటెంట్ మంజూరైందా, ఇంకా పెండింగేనా అన్నది. నాకు పెండింగ్ అనే అనుమానం ఉంది. పెండింగ్ అయితే వాళ్లు మీ మీద ఉల్లంఘన దావా వేయలేరు, సెక్షన్ 11ఎ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. మంజూరు కాకుండానే యంత్రం మీద 'పేటెంటెడ్' అని ముద్ర వేసి అమ్ముతుంటే ఫోటో తీసి పెట్టుకోండి, సెక్షన్ 120 కింద దానికి పది లక్షల దాకా జరిమానా ఉంది.

గడువు ఇక్కడే ఉంది. దరఖాస్తు ప్రచురణ అయ్యాక, మంజూరు అయ్యే లోపు ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం వేయవచ్చు. ప్రచురణ నుంచి ఆరు నెలల దాకా మంజూరు చేయకూడదన్నది రూలు, ఆ తర్వాత ఏ రోజైనా చేయవచ్చు. మంజూరైపోతే, ఆ సంగతి ప్రచురించిన తేదీ నుంచి ఏడాది లోపు 25(2) కింద వేయాలి. అదీ దాటితే హైకోర్టులో రద్దు పిటిషన్, దాని ఖర్చు వేరు, కాలం వేరు.

ఒక చిక్కు ఉంది. వీడియోలో యంత్రం నడవడం మాత్రమే కనిపించి లోపలి జల్లెడ, రోలర్ల అమరిక కనిపించకపోతే, మేం కోరింది ఆ లోపలి భాగాన్నే అని వాళ్లు వాదిస్తారు. అప్పుడు మీ అమ్మకాలే మిమ్మల్ని కాపాడాలి. ఆ తేదీకి ముందు కొన్న రైతుల దగ్గరికి వెళ్లి యంత్రం విప్పి ఫోటోలు తీయండి, ఎప్పుడు కొన్నారో వాళ్ల చేత అఫిడవిట్ రాయించండి, ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మాటలు, మేళా ఫోటోలు, స్టీలు కొన్న బిల్లులు ఏవి దొరికితే అవి తీయండి. వీడియో ఒరిజినల్ ఫైలు, దాని కింద 2022లో జనం పెట్టిన కామెంట్లు అన్నీ భద్రం చేయండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, లేకపోతే కోర్టులో అభ్యంతరం వస్తుంది. ఆ వీడియో తీసిన పాత ఫోను అమ్మేయకండి.

నోటీసుకు జవాబు చెప్పకుండా ఉండకండి, టెన్షన్‌తో 'ఆపేస్తాం' అని కూడా రాయకండి. కంపెనీ లైసెన్సు ఒప్పందం అంటూ కాగితం తెస్తే సంతకం పెట్టకండి, వాళ్ల హక్కును మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. జవాబు ఒక అడ్వకేటు ద్వారా పంపించి, మా తయారీ మీ దరఖాస్తు కన్నా ముందుదని తేదీలతో రాయించండి. ఆధారం లేని బెదిరింపులు ఆపించడానికి సెక్షన్ 106 కింద దావా వేసే దారీ ఉంది.

ఇదంతా గెలిచినా ఆ యంత్రం ఎవరైనా చేసుకోవచ్చు, కంపెనీ కూడా. మీ షాపు మూతపడకుండా ఉంటుంది, అంతవరకే. కానీ చివర్లో రాశారు చూడండి, ఇప్పుడు దుమ్ము పీల్చే కొత్త భాగం తయారుచేస్తున్నానని. దాన్ని ఇంకా ఎవరికీ చూపించలేదంటే, దయచేసి చూపించకండి. దానికి ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి, వ్యక్తికి ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల సమయం ఉంటుంది. డ్రాఫ్టింగ్‌కు డబ్బు లేకపోతే పల్లె సృజన వాళ్లను గానీ, గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌ను గానీ అడగండి, గ్రామీణ ఆవిష్కర్తలకు సాయం చేయడం వాళ్ల పనే. ఆ దరఖాస్తు నంబరు చేతికి వచ్చాకే వీడియో తీయండి. ఇక కంపెనీ దరఖాస్తు తేదీ దొరికిన వెంటనే, అందులోని క్లెయిముల (ఏ భాగాల మీద హక్కు కోరారో రాసిన) పేజీతో కలిపి నాకు పంపండి.