నాలుక తెల్లగా ఉంటే హెచ్ఐవీ అనుకోవాలా?

కండోమ్ చిరిగి మూడు నెలలు దాటిందని, అప్పటి నుంచి నాలుక తెల్లగా ఉంటోందని, ల్యాబ్‌లో ఫోర్త్ జనరేషన్ టెస్ట్ (హెచ్ఐవీ రక్తపరీక్ష) నెగెటివ్ వచ్చినా నమ్మకం కుదరట్లేదని మీరు రాశారు.

ముందు టెస్ట్ సంగతి. రక్తనాళం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఆ పరీక్ష 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే ఆ సంఘటన వల్ల హెచ్ఐవీ రాలేదన్నది ఖాయమే. మీకు అంతకు రెట్టింపు గడిచింది. ఒకవేళ సంఘటన తర్వాత హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే పెప్ మందులు వాడి ఉంటే మాత్రం ఆ కోర్సు పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టాలి. నాలుక రంగు చూసి హెచ్ఐవీ ఉందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు.

ఇక నోరు. హెచ్ఐవీ వల్ల నోట్లో వచ్చే క్యాండిడా (తెల్లటి ఫంగస్ ఇన్ఫెక్షన్) సాధారణంగా రోగనిరోధక శక్తి బాగా పడిపోయాక కనిపిస్తుంది, దానికి చాలావరకు ఏళ్లు పడుతుంది. నీళ్లు తక్కువ తాగడం, సిగరెట్, నోటితో గాలి పీల్చడం, ఈమధ్య వాడిన యాంటీబయాటిక్స్, వీటిలో ఏదైనా నాలుకను తెల్లగా చేయగలదు. నాలుక వెనక వరుసగా కనిపించే గుండ్రటి బుడిపెలు అందరికీ ఉంటాయి, మీరు ఇప్పుడే చూస్తున్నారంతే. బుగ్గ లోపలి తెల్ల గీత పళ్ల ఒరిపిడిది, టెన్షన్‌లో బుగ్గ కొరికేవాళ్లకి ఇంకా స్పష్టంగా ఉంటుంది.

టార్చ్ వేసి అద్దంలో చూసుకోవడం, బ్రష్‌తో గట్టిగా గీకడం ఆపండి. గీకితే మంట, మంటతో మళ్లీ భయం! తెల్లదనం రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డెంటిస్ట్‌కి చూపించండి. నాలుక బాగయ్యాక కూడా భయం వదలకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవండి, దానికి మంచి చికిత్స ఉంది.