తొలిసారి ప్రిసైడింగ్ అధికారిగా వెళుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

నిన్ను ఎన్నికల్లో ఒక పోలింగ్ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ అధికారిగా నియమించారని తెలిసి సంతోషించాను. నియమాలన్నీ చేతిపుస్తకంలో ఉంటాయి కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. అయితే శిక్షణ తరగతుల్లో ఓటింగ్ యంత్రాల భద్రతను ఒక పాఠంగానూ, దివ్యాంగులకూ వృద్ధులకూ కల్పించవలసిన సౌకర్యాలను వేరొక పాఠంగానూ చెబుతారు. పోలింగ్ రోజున అవి రెండూ ఒకే గదిలో, ఒకే సమయంలో నీ ముందుకు వస్తాయి. వాటిని రెండు పనులుగా కాక ఒకే బాధ్యతగా చూడమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందురోజు పంపిణీ కేంద్రంలో యంత్రాల నంబర్లనూ, ఓటర్ల జాబితా మార్క్‌డ్ కాపీ (ఓటు వేసినవారిని గుర్తించే ప్రతి) మీ కేంద్రానిదేనా అన్నదీ స్వయంగా సరిచూసుకో. కేంద్రానికి చేరాక, ఎంత అలసటగా ఉన్నా, చీకటి పడకముందే గదిని అమర్చు. ఓటింగ్ కంపార్ట్‌మెంట్ కిటికీకి దగ్గరగా ఉండకూడదు, వీవీప్యాట్ (వేసిన ఓటును చీటీపై చూపే యంత్రం) మీద దీపం వెలుగు నేరుగా పడకూడదు. యంత్రాలను కలిపే కేబుళ్లు అందరికీ కనబడుతూనే, ఓటర్లు నడిచే దారికి అడ్డం రాకుండా ఉండాలి. కాలికి తగిలే కేబుల్ వల్ల ఒక వృద్ధురాలు పడిపోవచ్చు, అదే కేబుల్ ఊడి పోలింగ్ ఆగిపోనూవచ్చు. పోలింగ్ కేంద్రాలన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. ర్యాంపు ఉందని కాగితం మీద రాసి ఉంటే సరిపోదు. చక్రాల కుర్చీని గుమ్మం దగ్గర నుంచి కంపార్ట్‌మెంట్ దాకా ఒకసారి నెట్టించి చూడు; ఎక్కడ ఇరుక్కుంటుందో ముందురోజే తెలిస్తే బల్ల జరపడానికి సమయం ఉంటుంది.

నమూనా పోలింగ్‌ను పోలింగ్ మొదలయ్యే సమయానికి 90 నిమిషాల ముందు ప్రారంభించాలి. అభ్యర్థుల ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు వేచి చూడు. కనీసం 50 ఓట్లు వేయించి, నోటాతో (ఎవరికీ ఓటు వేయననే మీటతో) సహా ప్రతి మీటా నొక్కించు. తొందరలో తప్పులు దొర్లేది ఆ తరువాతే. ఓట్లను నమోదు చేసే కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు నొక్కే వరుస తప్పకూడదు. ఫలితాన్ని వీవీప్యాట్ చీటీలతో సరిపోల్చాలి. చీటీలన్నింటినీ పెట్టెలోంచి తీసి, వెనుక ముద్ర వేసి, నల్ల కవరులో సీలు చేయాలి. కంట్రోల్ యూనిట్‌లో సున్నా కనబడుతున్నదని, వీవీప్యాట్ పెట్టె ఖాళీగా ఉన్నదని ఏజెంట్లకు చూపించిన తరువాతే అసలు సీళ్లు వేసి వారి సంతకాలు తీసుకో. బయట వరుసలో ఉన్నవారు ఎంత విసుక్కున్నా ఈ భాగాన్ని కుదించవద్దు, ఎందుకంటే క్లియర్ చేయడం మరచిపోతే నమూనా ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి.

ఇక నీ నిర్ణయశక్తికి నిజమైన పరీక్ష సహాయకుల విషయంలో ఎదురవుతుంది. చూపు లేనందువల్లగానీ, శారీరక అశక్తత వల్లగానీ గుర్తును పోల్చుకోలేని, మీట నొక్కలేని ఓటరు ఒక సహాయకుణ్ణి వెంట తీసుకువెళ్లవచ్చునని ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ నియమం చెబుతోంది. ఆ సహాయకుడికి 18 ఏళ్లు నిండాలి, ఆ రోజున అతడు ఒక్కరికి మించి సాయపడకూడదు, ఓటును రహస్యంగా ఉంచుతానని ప్రకటన ఇవ్వాలి. ఆ వివరం 14ఏ ఫారంలో చేరాలి. మీ సిబ్బందిలో ఎవరూ సహాయకులుగా వెళ్లకూడదు. ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి కనుక, చూపు లేని ఓటరును చూడగానే తోడు కావాలని నీవే తీర్మానించవద్దు. తానే వేస్తానంటే బ్రెయిలీ నమూనా పత్రం చేతికిచ్చి, కావలసినంత సమయం ఇవ్వు.

కొందరు కొడుకులు, భర్తలు, చక్కగా చూడగలిగిన, నడవగలిగిన స్త్రీని తీసుకువచ్చి, ఈమెకు చదువు రాదు, నేను వేస్తానంటారు. చదువు రాకపోవడం అశక్తత కాదు. చదువు రానివారి కోసమే గుర్తులు పెట్టారు. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలకు ముందు, తమ సొంత పేరు చెప్పక ఫలానా వారి భార్యననో, కూతురిననో నమోదు చేయించుకున్న దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలో చోటు కోల్పోయారు. అలాంటి దేశంలో ఒక స్త్రీ తన పేరుతో వచ్చి నిలబడితే, ఆ మీట ఆమె వేలే నొక్కాలి. వచ్చిన మనిషితో మర్యాదగా, కానీ గట్టిగా చెప్పు. ఎలా వేయాలో ఆమెకు కంపార్ట్‌మెంట్ బయటే నమూనా చూపించు.

యంత్రం మొరాయిస్తే కంగారు పడకు. బ్యాలెట్ యూనిట్ లేదా కంట్రోల్ యూనిట్ చెడితే వీవీప్యాట్‌తో సహా మూడింటినీ మార్చి, ఒక్కొక్క అభ్యర్థికీ నోటాకూ ఒక్కొక్క ఓటుతో మళ్లీ నమూనా పోలింగ్ జరపాలి. వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్నొక్కదాన్నే మార్చాలి. తన ఓటు ఎవరో అప్పటికే వేశారని ఒకరు వస్తే, వారిని వెనక్కి పంపేయకుండా, గుర్తింపు నిర్ధారించుకుని టెండర్ బ్యాలెట్ (అలాంటివారికిచ్చే కాగితపు బ్యాలెట్) ఇచ్చి, ఆ ఓట్ల జాబితా అయిన 17బీ ఫారంలో సంతకం తీసుకో. ఓటు వేసినవారి 17ఏ రిజిస్టరులోని సంఖ్యను మధ్యమధ్య కంట్రోల్ యూనిట్ మొత్తంతో సరిచూసుకుంటూ ఉంటే సాయంత్రం తలనొప్పి ఉండదు.

ముగింపు వేళకు వరుసలో ఉన్నవారందరికీ ఓటు హక్కు ఉంటుంది. నంబరు చీటీలను వరుస చివరి మనిషికి ఒకటో నంబరుతో మొదలుపెట్టి ముందుకు పంచుకుంటూ రా. అప్పుడు కొత్తవారు వెనుక చేరలేరు, నిలబడినవారూ నష్టపోరు. నిలబడలేనివారిని కుర్చీలో కూర్చోబెట్టి ముందుగా పంపించు. ఆ తరువాత క్లోజ్ మీట నొక్కి, మొత్తాన్ని నమోదైన ఓట్ల లెక్క అయిన 17సీ ఫారంలో రాసి, ఉన్న ప్రతి ఏజెంటుకూ నకలు ఇచ్చి రసీదు తీసుకో. లెక్కింపు రోజున వారు యంత్రం చూపే మొత్తాన్ని పోల్చుకునేది ఆ కాగితంతోనే, కనుక అడగకుండా వెళ్లిపోతున్నవారిని కూడా పిలిచి మరీ ఇవ్వు.

ఇట్లు,
మామయ్య