పుస్తకాల ముచ్చట: లూసీది తప్పేనా?

కెన్ ఫాలెట్ నవల ‘ఐ ఆఫ్ ది నీడిల్’ మీద మీ అభిప్రాయాలు రాయమని పోయిన సంచికలో అడిగాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి. యుద్ధం గురించి అడిగినవాళ్ళకంటే లూసీని తిట్టినవాళ్ళూ, వెనకేసుకొచ్చినవాళ్ళూ ఎక్కువ. నాకైతే సంతోషమే, ఎందుకంటే ఈ పుస్తకం ఆమెదేనని నేను గట్టిగా నమ్ముతాను.

చదవనివాళ్ళకి కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. అది 1944. ఐరోపాలో హిట్లర్ సైన్యాల మీదికి వెళ్ళడానికి బ్రిటన్, అమెరికా సేనలు ఇంగ్లండ్‌లో సిద్ధమవుతున్నాయి. అవతలి ఒడ్డున ఎక్కడ దిగుతాయన్నదే అసలు రహస్యం. హెన్రీ ఫేబర్ అనే జర్మన్ గూఢచారి దాని గుట్టు పట్టుకుంటాడు, జర్మన్లని మోసం చేయడానికి పెట్టిన ఉత్తుత్తి సైన్యాన్నీ, చెక్క విమానాలనీ ఫొటోలు తీస్తాడు, జలాంతర్గామిని అందుకోవాలని పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్తాడు, తుఫానులో చిక్కి ఓ చిన్న దీవికి కొట్టుకొస్తాడు. అక్కడుండేది లూసీ, ఆమె భర్త డేవిడ్, పసివాడు జో, దీవికి ఆ చివర టామ్ అనే ముసలి గొర్రెల కాపరి, అంతే. డేవిడ్ యుద్ధ విమానం నడపాల్సినవాడు, పెళ్ళైన రోజునే కారు ప్రమాదంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. లూసీ ఫేబర్‌కి దగ్గరవుతుంది. అతనెవరో ఆ తర్వాత తెలుస్తుంది. ముగింపు గురించి కూడా కింద మాట్లాడుకున్నాం కాబట్టి చదవాలనుకునేవాళ్ళు ముందు పుస్తకం పూర్తిచేసి రండి.

కాళ్ళు లేని భర్తనీ, పసివాడినీ ఇంట్లో పెట్టుకుని, ఎవడో కొట్టుకొచ్చినవాడితో రెండు రోజుల్లో ప్రేమా? ఇలాంటి ఆడదాన్ని హీరోయిన్ చేసిన నవలని మీరు మెచ్చుకోవడం నాకు నచ్చలేదండీ. – ఒక పాఠకురాలు, తెనాలి

మీ కోపం నాకు అర్థమైంది, మీలాగే రాసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఒక్కసారి వెనక్కి వెళ్ళి దీవి మీద ఆ ఇంటి గురించిన తొలి అధ్యాయాలు మళ్ళీ చదవండి. కాళ్ళు పోయాయని లూసీ అతన్ని వదిలేయలేదు. డేవిడే తలుపులు మూసేసుకున్నాడు. ప్రమాదం తర్వాత నలుగురి కళ్ళూ తప్పించుకోవడానికి ఆ దీవికి చేరింది అతని కోసమే, ఆమె కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి దగ్గరకి వెళ్ళింది, మాట్లాడింది, అడిగింది. గొర్రెల పని చేస్తాడు, జీపు నడుపుతాడు, చేతుల బలంతో మగవాళ్ళకి తీసిపోకుండా బతుకుతాడు, భార్య వైపు మాత్రం తిరిగి చూడడు. ఇరుగూ పొరుగూ లేరు, అమ్మా నాన్నా దగ్గర లేరు, చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. అలాంటి ఇంట్లోకి వచ్చినవాడు ఆమె మాటని శ్రద్ధగా వింటాడు, ఆమె ఓ మనిషే అన్నట్టు చూస్తాడు.

దాన్ని ప్రేమ అని నేనూ అనను. అది ఆకలి. రచయిత కూడా దాన్ని గొప్ప ప్రేమని చెప్పి మన నెత్తిన రుద్దలేదు, ఆమె ఒప్పు చేసిందని తీర్పూ ఇవ్వలేదు. మీరన్న ‘రెండు రోజులు’ తొందరే, ఆ మాట ఒప్పుకుంటాను. ఇంకో నాలుగు పేజీలు తీసుకుని ఉంటే బాగుండేది.

కానీ మీరు కోపంతో పుస్తకం మూసేసిన చోటి నుంచే అసలు లూసీ మొదలవుతుందండీ. ఫేబర్ ఫిల్ములో ఏముందో డేవిడ్ కనిపెడతాడు, ఇద్దరూ కొండ అంచున పోట్లాడుకుంటారు, ఫేబర్ అతన్ని చంపి ఏమీ ఎరగనట్టు ఇంటికి వస్తాడు. తర్వాత లూసీ కంట భర్త శవం పడుతుంది. ఇంట్లో బిడ్డ, పక్కన హంతకుడు, చుట్టూ సముద్రం. తెలిసిపోయిందని ముఖంలో కనిపించిందంటే బిడ్డ బతకడు. ఆ కాసేపు ఆమె ఏమీ తెలియనట్టు మసలుకోవడం చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. చివర్లో ఫేబర్ రేడియోలో రహస్యం పంపబోతున్నప్పుడు, అతన్ని ఆపడానికి ఇంకేమీ మిగల్లేదు. లూసీ బల్బు హోల్డర్లో వేళ్ళు పెట్టేస్తుంది. షాక్ కొట్టి తాను పడిపోతుంది, ఇంట్లో కరెంటు పోతుంది, రేడియో ఆగిపోతుంది. చేతిలో తుపాకీ ఉన్నవాళ్ళు చేసే సాహసం వేరు. ఇంటి పని చేసుకునే మనిషికి తన ఇంట్లో ఏ స్విచ్ ఎక్కడుందో, ఏది ముట్టుకుంటే ఏమవుతుందో తెలుస్తుంది చూడండి, ఆ తెలివితో గెలిచింది. కావాలంటే ఆమెని తప్పు పట్టండి, కానీ ఈ పేజీ కూడా చదివాక పట్టండి.

యుద్ధంలో ఎవరు గెలిచారో అందరికీ తెలిసిందే. ఫేబర్ దొరికిపోతాడని మొదటి పేజీలోనే తెలిసిపోయే కథలో సస్పెన్స్ ఏముంది? – ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ

యుద్ధం సంగతి తెలుసు సార్, లూసీ సంగతి తెలియదు కదా. జో సంగతి తెలియదు, టామ్ సంగతి తెలియదు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో సేనలు దిగాయని ఏ చరిత్ర పుస్తకమైనా చెప్తుంది, ఆ దీవి మీద తెల్లారేసరికి ఎవరు మిగులుతారో ఏ పుస్తకమూ చెప్పదు. నా టెన్షన్ అంతా అక్కడే. ఇంకో సంగతి, ఫేబర్ ఆలోచనలు మనకి ముందే తెలుస్తుంటాయి, లూసీకి తెలియవు. ఆమె అతనికి వేడిగా తినడానికి ఏదో పెడుతుంటే మనం లోపల్లోపల అరుస్తుంటాం.

చెక్క విమానాలు, ఉత్తుత్తి సైన్యం, ఇవన్నీ నిజంగా జరిగాయా? రచయిత కల్పించారా? ఫేబర్ లాంటివాడు నిజంగా ఉన్నాడా? – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

ఫేబర్ కల్పన. ఉత్తుత్తి సైన్యం మాత్రం అక్షరాలా నిజం. దానికి పెట్టిన రహస్య పేరు ఆపరేషన్ ఫార్టిట్యూడ్. ఇంగ్లండ్‌కి ఫ్రాన్స్ అత్యంత దగ్గరగా ఉండే చోటు కలే వైపు, డోవర్ జలసంధి దగ్గర వెడల్పు సుమారు 33 కిలోమీటర్లే. దాడి అక్కడే జరుగుతుందని జర్మన్లు అనుకోవడం సహజం, ఆ అనుకోవడాన్నే గట్టిపరచడానికి ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలో లేని అమెరికన్ సైన్యాన్ని కాగితం మీద సృష్టించారు. దానికి అధిపతి అంటూ జనరల్ ప్యాటన్ పేరు పెట్టారు, ఎందుకంటే జర్మన్లు ఆయనంటే భయపడేవాళ్ళు. గాలి కొట్టిన రబ్బరు ట్యాంకులు, కర్రా గుడ్డా కలిపి కట్టిన పడవలు, ఆ సైన్యం మాట్లాడుకుంటున్నట్టు రేడియోలో సందేశాలు, అన్నీ ఉన్నాయి. 1944 జూన్ 6న నార్మండీలో సేనలు దిగిన తర్వాత కూడా అది అసలు దాడి కాదనీ, అసలుది కలే మీదికి వస్తుందనీ నమ్మి జర్మన్లు వారాల తరబడి తమ 15వ సైన్యంలో ఎక్కువ భాగాన్ని అక్కడే ఉంచేశారు.

ఫేబర్ మాత్రం ఎందుకు ఉండలేడంటే, బ్రిటన్‌కి వచ్చిన జర్మన్ గూఢచారుల్లో దాదాపు అందరినీ బ్రిటన్ వాళ్ళు పట్టేశారు. కొందరిని ఉరి తీశారు, పనికొచ్చేవాళ్ళని తమ వైపు తిప్పుకుని వాళ్ళ చేతనే తప్పుడు వార్తలు పంపించారు. ఈ సంగతి బయటి ప్రపంచానికి 1970ల మొదట్లో గానీ తెలియలేదు. ఫాలెట్ నవల వచ్చిన 1978 నాటికి ఆ వార్తలు ఇంకా వేడి మీదే ఉన్నాయి. ‘ఒక్కడు తప్పించుకుని ఉంటే?’ అన్న ప్రశ్న నుంచి పుట్టిన కథ ఇది.

నిజంగా జరిగిన కథ కావాలంటే హువాన్ పుహోల్ గురించి వెతికి చదువు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టినవాడు. బ్రిటన్ కోసం పనిచేస్తానంటే మొదట వాళ్ళు పట్టించుకోలేదు. నేరుగా జర్మన్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళ గూఢచారిగా చేరాడు, ఇంగ్లండ్‌లో ఉన్నానని చెప్తూ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కూర్చుని టూరిస్టు పుస్తకాలు చూసి నివేదికలు రాశాడు. 1942లో బ్రిటన్ వాళ్ళు పిలిపించుకున్నారు, గార్బో అని పేరు పెట్టారు. తన కింద 27 మంది పనిచేస్తున్నారని జర్మన్లని నమ్మించాడు. వాళ్ళలో ఒక్కడూ లేడు! నార్మండీ దాడి జరిగిన మూడు రోజులకి ‘ఇది కళ్ళు కప్పడానికే’ అని జర్మన్లకి సందేశం పంపింది ఇతనే. రెండు పక్షాల నుంచీ పతకాలు అందుకున్నాడు.

తెనాలి పాఠకురాలు కూడా ఈ ముక్క చదవాలి. గార్బో భార్య అరాసెలి లండన్లో పిల్లలతో, ఎవరితోనూ కలవనివ్వని జీవితంతో విసిగిపోయింది. పుట్టింటికి వెళ్ళనివ్వరు. 1943లో ఓ రోజు, నన్ను పంపకపోతే స్పెయిన్ ఎంబసీకి వెళ్ళి అంతా చెప్పేస్తానంది. ఆమెని ఆపడానికి, నీ వల్లే నీ భర్తని అరెస్టు చేశారని చెప్పి నాటకమాడారు, నమ్మించడానికి కళ్ళకి గంతలు కట్టి తీసుకెళ్ళి అతన్ని చూపించారు. ఆ పథకం వేసింది భర్తే! ఈ సంగతులున్న రహస్య కాగితాలు 2016లో బయటపెట్టారు. అంత పెద్ద రహస్యం ఒక ఇల్లాలి ఒంటరితనం దగ్గర తెగిపోబోయింది. లూసీ కథ అతిశయోక్తి అన్నవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇదే.

చివర్లో ఫేబర్ చనిపోతుంటే నాకు బాధ కలిగింది. నాజీల కోసం పనిచేసినవాడి మీద జాలి పడటం తప్పు కదా అని రెండు రోజులు అదే ఆలోచన. – గృహిణి, రాజమహేంద్రవరం

తప్పేమీ లేదమ్మా. రచయిత మనల్ని అతనితో పాటు నడిపించాడు, రైళ్ళెక్కించాడు, చలిలో పడుకోబెట్టాడు, అంత దూరం కలిసి వచ్చినవాడి మీద జాలి పుట్టకపోతేనే అది రచయిత లోపం. కాకపోతే ఆ జాలి పుట్టినప్పుడు లండన్లో ఇంటి ఓనరమ్మని గుర్తు తెచ్చుకోండి. ఒంటరి మనిషి, అద్దెకున్నవాడి మీద మనసు పడి అతని గదిలోకి వచ్చింది, అతను రేడియోతో కనిపించాడు, కత్తికి బలైపోయింది. ఆమె కూడా మనసు ఆకలితో ఉన్న మనిషే, లూసీ లాగే. చివర్లో ఫేబర్ కొండ దిగుతుంటే పైనుంచి రాయి విసిరింది లూసీ అయినా, ఆ ఓనరమ్మ బాకీ కూడా తీరినట్టే నాకనిపించింది.

ఫేబర్ కోసం పోలీసులు, ఓ ప్రొఫెసర్ చేసే వెతుకులాట బోర్ కొట్టింది. సినిమా చూస్తే సరిపోతుందా? – డాలస్ నుంచి ఒకరు

1981 సినిమా బాగుంటుంది, డొనాల్డ్ సదర్లాండ్ ఫేబర్‌గా వేశాడు. ఆ వెతుకులాట కొంచెం సాగిన మాట నిజమే, అయినా పుస్తకమే చదవండి. లూసీ లోపల ఏమనుకుంటోందో పుస్తకంలో చదవాల్సిందే.

షాడో నవలలు చదివి పెరిగినవాణ్ణి నేను. మన దగ్గర, మన తీరంలో ఇలాంటి యుద్ధ రహస్యాలు లేవా? – విశాఖపట్నం నుంచి

మీ ఊళ్ళోనే ఉంది సార్! 1971 యుద్ధానికి ముందు మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే జలాంతర్గామిని బంగాళాఖాతంలోకి పంపింది. విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచేసి, అది విశాఖలోనే ఉందని శత్రువుని నమ్మించాలి. ఏం చేశారో తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాశారు. కాంట్రాక్టర్లకి మాంసం, తాజా కూరగాయలు భారీగా ఆర్డర్ పెట్టారు, ఆ కబురు ఊళ్ళో పాకనిచ్చారు. అంత కూర ఎవరికి? పెద్ద ఓడ వచ్చి ఉంటుంది అని విన్నవాడు అనుకోవాలి. రాజ్‌పుత్ అనే పాత ఓడని విక్రాంత్ లాగా సముద్రంలో తిప్పుతూ రేడియోలో ఎడతెరిపి లేకుండా మాట్లాడించారు. విక్రాంత్ మీదున్న ఓ నావికుడు తల్లి ఆరోగ్యం కనుక్కుంటున్నట్టు, మామూలు మాటల్లో, ఎవరైనా వినేలా ఓ తంతి కూడా పంపించారట. తల్లి ఆరోగ్యం అడిగినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు!

డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది, అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు. రాజ్‌పుత్ దాడి వల్లే మునిగిందని మన నౌకాదళం, తన మందుపాతరల వల్లో లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ చెప్తూ వచ్చాయి. ఆ కాంట్రాక్టర్ల ఇళ్ళల్లో, పోర్టు కాలనీల్లో ఆ వారం ఏం మాట్లాడుకున్నారో ఎవరైనా నవలగా రాస్తే బాగుండునని నాకు ఎప్పటి నుంచో కోరిక. అప్పటికి ఊహ తెలిసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారు, మీరే వెళ్ళి అడిగి రాసి పెట్టుకోండి, ఆలస్యం చేయకండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంట్లో ఈ పుస్తకం చూసి చదువుతానంటోంది. ఇవ్వొచ్చా? – ఒక తల్లి, నెల్లూరు

ఇప్పుడే వద్దండీ. హత్యలు చాలా దగ్గర నుంచి చూపించాడు, పడకగది సన్నివేశాలు కూడా దాపరికం లేకుండా ఉన్నాయి. ఓ మూడు నాలుగేళ్ళు ఆగితే తనకే ఇంకా బాగా అర్థమవుతుంది. ఈలోపు నూర్ ఇనాయత్ ఖాన్ జీవితం చదవమనండి. తండ్రి భారతీయుడు, ఆమె పెరిగింది పారిస్‌లో. 1943లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ తరఫున రేడియో ఆపరేటర్‌గా వెళ్ళింది, పట్టుబడింది, 1944 సెప్టెంబర్‌లో జర్మనీలోని డహావ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. మరణానంతరం బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ఇచ్చారు. దానికి ముందు, 1939లో, పిల్లల కోసం బుద్ధుడి పూర్వజన్మల గురించిన ఇరవై జాతక కథల్ని ఇంగ్లీషులో తిరగరాసి అచ్చు వేయించింది. ఆ కథలతో మొదలుపెడితే మీ అమ్మాయి ఆమె జీవితం తనంతట తనే వెతుక్కుంటుంది.