ఇవాంజెలికల్ క్రైస్తవులందరిదీ ఒకే మాటా?

ప్రశ్న: అమెరికాలోని ఇవాంజెలికల్ క్రైస్తవులందరూ (బైబిల్ అధికారాన్నీ వ్యక్తిగత మారుమనస్సునూ నొక్కిచెప్పే ప్రొటెస్టెంట్లు) పాలస్తీనా రాజ్య ఏర్పాటుకు వ్యతిరేకులేనా?

జవాబు: అందరూ కారు. ఆదికాండము 12:3లో దేవుడు అబ్రాహాముకు చేసిన ‘నిన్ను ఆశీర్వదించువారిని ఆశీర్వదించెదను’ అన్న వాగ్దానాన్ని నేటి ఇజ్రాయెల్ రాజ్యానికి నేరుగా అన్వయించి, 19వ శతాబ్దంలో బైబిల్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ ప్రచారం చేసిన అంత్యదినాల బోధను (లోకాంతంలో దేవుని ప్రణాళికలో ఇజ్రాయెల్‌కు ప్రత్యేక స్థానం ఉందనే బోధను) దానికి జోడించి, ఆ భూమిని పంచుకోవడం దైవసంకల్పానికే విరుద్ధమని నమ్మే వర్గం బలమైనదన్న మాట నిజమే. పాస్టర్ జాన్ హేగీ నాయకత్వంలో 2006 నుండి పనిచేస్తున్న 'క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్' ఆ వర్గానికి ప్రధాన వేదిక. అయితే 2007 జూలైలో వేదాంతి రొనాల్డ్ సైడర్ సహా ముప్పై మందికి పైగా ఇవాంజెలికల్ నాయకులు అధ్యక్షుడు బుష్‌కు బహిరంగ లేఖ రాసి, ఇజ్రాయెలీలకూ పాలస్తీనీయులకూ ఆ భూమిపై న్యాయమైన హక్కులున్నాయని, ఇజ్రాయెల్, పాలస్తీనా పక్కపక్కనే రెండు రాజ్యాలుగా ఉండే పరిష్కారమే మార్గమని పేర్కొన్నారు. ఇజ్రాయెల్‌ను ప్రేమించడమంటే అవసరమైనప్పుడు కూడా విమర్శించకుండా ఉండడం కాదన్న వారి వాదన నాకు వాక్యానుసారంగానే తోస్తుంది.

ఈ చర్చలో పాలస్తీనా ఇవాంజెలికల్ విశ్వాసుల స్వరం మరుగున పడిపోవడం బాధాకరం. బెత్లెహేము బైబిల్ కళాశాల 2010 నుండి 'క్రైస్ట్ ఎట్ ద చెక్‌పాయింట్' సదస్సులు నిర్వహిస్తూ, ఇజ్రాయెల్ ఆక్రమణ కింద బతుకుతున్న సంఘపు అనుభవాన్ని పాశ్చాత్య క్రైస్తవుల ముందుంచుతోంది. యేసును మెస్సీయగా నమ్మే యూదులనూ పాలస్తీనా క్రైస్తవులనూ 'ముసలహా' (అరబిక్‌లో 'సమాధానపడటం') సంస్థ 1990 నుండి ఎడారి యాత్రలలో ఒకచోట చేర్చి మాట్లాడిస్తోంది.