విద్యా సందేహాలు: ఎంపీసీ తర్వాత లిబరల్ ఆర్ట్స్

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, ఎకనామిక్స్, చరిత్ర కలిపి లిబరల్ ఆర్ట్స్ చదువుతానంటోంది. పంపొచ్చా? రేపు ఉద్యోగాలకు అడ్డం కాదు కదా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: నిరభ్యంతరంగా పంపండి. ఎంపీసీ వృథా పోదు. ఎకనామిక్స్ మేజర్‌లో కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు. లెక్కలంటే భయపడే పిల్లలు అక్కడే తడబడతారు. సివిల్స్, గ్రూప్-2, బ్యాంకు పీఓ పరీక్షలకు గుర్తింపు ఉన్న ఏ డిగ్రీ అయినా చాలు. టీచరు కావాలనుకుంటే మాత్రం ముందే చూసుకోవాలి, డీఎస్సీలో డిగ్రీ సబ్జెక్టులు లెక్కకొస్తాయి.

మనవైపు ఎక్కువమంది దెబ్బతినేది తేదీల దగ్గర. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటారు. సోనీపట్‌లోని అశోకా, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ, మనకు దగ్గర్లో తడ పక్కన శ్రీసిటీలో ఉన్న క్రియా విశ్వవిద్యాలయాలు దరఖాస్తులు అంతకు ముందు ఏడాది చివరికల్లా తెరుస్తాయి. కాబట్టి దసరా సెలవుల నుంచే వాటి వెబ్‌సైట్లు చూస్తుండండి.

రెండో చిక్కు ప్రవేశానికి అడిగే వ్యాసం, ఇంటర్వ్యూ. బిట్లు పెట్టడం అలవాటైన పిల్లలకు సొంతంగా రెండు పేజీలు రాయడం కష్టం. కన్సల్టెంటు రాసిచ్చిన వ్యాసం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది, దయచేసి ఆ పని చేయకండి. దానికి బదులు ఇలాంటి ప్రశ్నలతో సాధన చేయించండి: అమెరికా సుంకం పెంచితే మన చెరువు గట్టు మీద వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర ఎందుకు పడుతుంది? రైతుకూ ఎగుమతిదారుకూ మధ్య ఎవరెవరున్నారు? అమ్మాయిని ఇద్దరు రైతులతో, ఒక కొనుగోలుదారుతో మాట్లాడి రాయమనండి. అందులో ఎకనామిక్సూ ఉంది, చరిత్రా ఉంది. వారానికొకటి, 500 మాటలు, ఇంగ్లీషులో. మూడు నెలలు రాస్తే చెయ్యి తిరుగుతుంది.

ఇక ఫీజు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో హాస్టల్‌తో కలిపితే ఖర్చు ఏటా లక్షల్లో ఉంటుంది. పైన చెప్పినవి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి, కానీ అడిగిన వాళ్లకే. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. కాగితం తక్కువై ఆగిపోయే దరఖాస్తులే ఎక్కువ. విద్యారుణం 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. ఎంత ఫీజు తగ్గించారో ఉత్తరం చేతికొచ్చాకే సీటుకు డబ్బు కట్టండి, అడ్వాన్సు వెనక్కిచ్చే గడువు కూడా రాతలో చూసుకోండి.